కోరింగ మడల్లో ఒక పాట, దాని చిరునామా

కోరింగ మడ అడవికి బైనాక్యులర్ పట్టుకుని వచ్చేవారిలో ఎక్కువమంది నీటి పక్షుల కోసం వస్తారు. అందులో ఆశ్చర్యమేమీ లేదు. చలికాలంలో కాకినాడ అఖాతపు బురద మేటల మీద దిగే వలస పక్షులూ, పాయల అంచున ఓపికగా నిలబడే కొంగలూ, లకుముకి పిట్టలూ ఆరుబయట ఉంటాయి కనుక కొత్తవారికి కూడా సులువుగా కనిపిస్తాయి. ఆకుల మధ్య ఉండి పాడే చిన్న పిట్టల సంగతి వేరు. అవి ముందు చెవిన పడతాయి, కంటబడడం ఆ తరువాతి మాట. అలాంటి ఒక పిట్టను పాటతో మొదలుపెట్టి పేరు దాకా, పేరునుంచి దాని నివాసం దాకా ఎలా తెలుసుకున్నానో ఇక్కడ రాస్తున్నాను. పేరు తేలడానికి పట్టిన కాలం కంటే, అది ఎక్కడ ఉంటుందో, అక్కడే ఎందుకు ఉంటుందో అర్థం కావడానికి పట్టిన కాలమే ఎక్కువ.

తెలియని వారికోసం స్థలం గురించి రెండు మాటలు. గౌతమి పాయ సముద్రంలో కలిసే చోట, తాళ్ళరేవుకూ కాకినాడకూ మధ్య, కోరింగ, గాడేరు వంటి చిన్న పాయలు అల్లుకున్న ప్రాంతం ఇది. 1978లో దీన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. డెల్టాలో మిగిలిన నేలంతా వరి, కొబ్బరి, చెరువులుగా మారిపోయినందువల్ల, అడవి అని చెప్పుకోదగ్గది ఇదొక్కటే మిగిలింది. చొల్లంగి దగ్గర అటవీ శాఖ చెక్కలతో వేసిన నడకబాట ఉంది. లోపలి పాయల్లోకి వెళ్ళాలంటే మాత్రం పడవే దిక్కు.

ఆ పాట నాకు మొదట వినిపించింది పడవలో ఉన్నప్పుడే. తొలకరి వానలు పడి, గాలి ఆగి, ఉక్కగా ఉన్న ఉదయం. ఇంజను ఆపి పక్కకు చేరుకోగానే, తెల్ల మడ చెట్ల లోపలి నుంచి సన్నని ఈల ఒకటి బయలుదేరి, ఒకే స్థాయిలో చాలాసేపు సాగి, చివర హఠాత్తుగా కిందికి పడిపోయింది. అక్షరాల్లో పెట్టవలసి వస్తే "వీఈఈఈఈ... ట్యు" అని రాయవచ్చు. కాసేపటికి అదే చెట్లలోంచి "చిట్ చిట్ చిట్" అని పొడిపొడి మాటలు, తరువాత రెండు మూడు ముక్కల చిన్న ఈల. ఇవన్నీ ఒకే పిట్టవో, రెండు మూడు పిట్టలవో అంతుచిక్కలేదు. పడవ నడిపే ఆయనను అడిగితే, "ఆయ్, అది ఇక్కడ ఎప్పుడూ ఉండేదేనండి. వానకి ముందు మరీ ఎక్కువ అరుత్తాది. పేరేటో మాకు తెలవదు గానీ, కనపడదండి బాబూ, ఆకులోనే ఉంటాది" అన్నారు. ఆయన చెప్పిన ఈ నాలుగు ముక్కల్లో కాలమూ, చోటూ, స్వభావమూ మూడూ ఉన్నాయని తరువాత నోటుబుక్కు తిరగేస్తున్నప్పుడు గమనించాను. పక్షుల పేర్లు తెలియనివారికి పక్షుల గురించి తెలియదని అనుకోవడం పట్నం అలవాటు.

పేరు తేల్చే పని కొట్టివేతలతోనే సాగింది. ఒరియోల్ కూడా చక్కని ఈల వేస్తుంది గానీ, దాని గొంతు లావు, వేణువులా గుండ్రంగా ఉంటుంది. పైగా అది దాదాపు మైనా అంత పిట్ట, పసుపు రంగు దూరానికే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మేగ్‌పై రాబిన్ పాట తీయగా, మలుపులు మలుపులుగా సాగుతుంది; అది చెట్టు చివరనో స్తంభం మీదో కూర్చుని నలుగురికీ కనిపించేలా పాడుతుంది. దర్జీ పిట్టది ఒకే ముక్కను పదేపదే పెద్దగా కొట్టే అరుపు. తేనెపిట్టలు మడల్లో లేకపోలేదు గానీ, వాటి నుంచి ఇంత పొడవైన ఈల రాదు. ఆకుపిట్ట అని కొందరు పిలిచే లీఫ్‌బర్డ్ ఇతర పక్షుల గొంతులను అనుకరిస్తుంది కనుక దాన్ని వెంటనే కొట్టివేయడానికి వీల్లేదు. కంటితో చూసేదాకా దాన్ని జాబితాలో ఉంచాను.

ఈ రోజుల్లో ఇలాంటి సందర్భంలో అందరం చేసే పనే నేనూ చేశాను. ఫోనులో పక్షుల గొంతులను గుర్తుపట్టే మెర్లిన్ యాప్ తెరిచి పాటను రికార్డు చేశాను. అది పని చేసే పద్ధతి తెలిస్తే దాని మాటను ఎంతవరకు పట్టించుకోవాలో కూడా తెలుస్తుంది. వచ్చిన శబ్దాన్ని అది స్పెక్ట్రోగ్రామ్ అనే బొమ్మగా మారుస్తుంది. అడ్డంగా కాలం, నిలువుగా స్వరపు ఎత్తు ఉండే ఆ బొమ్మను తన దగ్గర ఉన్న వేల బొమ్మలతో నేర్చుకున్న పోలికలను బట్టి పోల్చి పేరు చెబుతుంది. అంటే బొమ్మ మురికైతే జవాబూ మురికవుతుంది. మడల్లో ఆ మురికికి కొదవ లేదు. దూరాన పడవ ఇంజన్లు, ఆకుల మీద గాలి, అన్నిటికంటే ముఖ్యంగా పాటు తీసి నీరు వెనక్కి తగ్గిన తరువాత బురదలోంచి వచ్చే చిటపటలు. ఆ చప్పుడు తమ పెద్ద కొండిని చటుక్కున మూసి నీటిబుడగను పేల్చే చిన్న రొయ్యలది. వినడానికి సరదాగా ఉంటుంది గానీ రికార్డింగులో చుక్కలు చుక్కలుగా పడి పాటను చెరిపేస్తుంది. అందువల్ల యాప్ ఒకసారి మేగ్‌పై రాబిన్ అంది, మరొకసారి అయోరా అనే చిన్న పిట్ట అంది, ఇంకోసారి ఏమీ అనలేదు.

దీనికి విరుగుడు పోటు సమయంలో రికార్డు చేయడమని తోచింది. నీరు బురదను కప్పేశాక చిటపటలు చాలావరకు అణగిపోతాయి. అయితే పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది కనుక, ఉదయం పిట్టలు పాడే సమయమూ పోటు సమయమూ కలిసే రోజులు పక్షానికి కొన్నే వస్తాయి. క్యాలెండరులో అవి చూసుకుని వెళ్ళడం మొదలుపెట్టాక రికార్డింగులు శుభ్రంగా వచ్చాయి. ఆ బొమ్మలో పొడవైన ఈల దాదాపు అడ్డగీతలా సాగి చివర కిందికి విరిగింది. 2005లో మొదలైన జెనో-కాంటో అనే శబ్దాల భాండాగారంలో అయోరా రికార్డింగులు విని పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక కుదిరింది. పొడి "చిట్ చిట్" అరుపు కూడా అదే పిట్టదని అక్కడే తెలిసింది. అయినా శబ్దాన్ని మాత్రమే నమ్మి పేరు రాయడానికి మనసొప్పలేదు.

ఒక విషయం మధ్యలో చెప్పాలి. ఫోనులో ఉన్న పాటను పైకి వినిపించి పిట్టను బయటికి రప్పించడం చాలామంది చేస్తారు. నేను చేయలేదు, చేయవద్దనే అంటాను. గూడు కట్టే కాలంలో తన హద్దులోకి మరొక మగపిట్ట వచ్చిందనుకుని అది మేతా గూడూ వదిలి వెతుకుతూ తిరుగుతుంది. మనకు ఫోటో దక్కుతుంది, దానికి ఒక ఉదయం దండగ.

చివరికి పిట్ట కనిపించింది చొల్లంగి చెక్కబాట మీద. అక్కడ బాట చెట్ల నడుమ కాస్త ఎత్తుగా సాగుతుంది కనుక, కింద పడవలోంచి తల ఎత్తి చూడవలసిన కొమ్మలు కంటి ఎత్తుకు వస్తాయి. తెల్ల మడ ఆకు పైన పచ్చగా, అడుగున బూడిద తెలుపుగా ఉంటుంది. గాలికి ఆకులు తిరగబడుతూ ఉంటే చెట్టంతా పచ్చ, తెలుపు మరకలుగా కదులుతుంది. ఆ కదలికలో ఒక మరక గాలికి ఎదురుగా కదిలింది. చూస్తే పిచ్చుక కంటే కాస్త సన్నంగా, పొట్ట పసుపుగా, వీపు ఆకుపచ్చగా ఉన్న పిట్ట. ముదురు రెక్క మీద రెండు తెల్లని అడ్డచారలు స్పష్టంగా ఉన్నాయి. లీఫ్‌బర్డ్‌కు ఈ చారలు ఉండవు కనుక ఆ అనుమానం అక్కడితో తీరింది. ముక్కు నిటారుగా, మొనదేలి, నీలి బూడిద రంగులో ఉంది. తేనెపిట్టకైతే అది సన్నగా వంగి ఉంటుంది. కంటి చుట్టూ తెల్లని వలయం లేదు కనుక వైట్-ఐ కూడా కాదు. కన్ను మాత్రం పాలిపోయిన పసుపుతో, దగ్గరగా చూస్తే కొంచెం కోపంగా ఉన్నట్టు అనిపించింది. అది ఒక ఆకు కొసను కాళ్ళతో పట్టుకుని తలకిందులుగా వేలాడి, చుట్టుకుపోయిన ఆకులోకి ముక్కు దూర్చి సన్నని పచ్చ పురుగును లాగి, కొమ్మకు రెండు దెబ్బలు కొట్టి మింగింది. తోక ఆకుపచ్చగా ఉంది కనుక ఆడది. కాసేపటికి పక్క కొమ్మ మీదికి వచ్చిన దానికి తలా వీపూ నల్లగా, తోక నల్లగా ఉన్నాయి. అది మగది. ముక్కు తెరిచి ఆ పొడవైన ఈల వేసింది. పాటా పిట్టా ఒకే చోట దొరికాయి.

అయోరా, శాస్త్రీయ నామం ఏజిథైనా టిఫియా. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని ఏర్పరచిన లిన్నేయస్ 1758లోనే దీన్ని నమోదు చేశాడు. సుమారు 14 సెంటీమీటర్ల పొడవుంటుంది. ఇది చేరిన కుటుంబంలో మొత్తం నాలుగే జాతులు ఉన్నాయి, నాలుగూ దక్షిణ, ఆగ్నేయ ఆసియాలోనివే. గూడు కట్టే కాలం దాటాక మగపిట్ట వీపు మీది నలుపు తగ్గి ఆడపిట్టకు దగ్గరగా కనిపిస్తుంది. అప్పుడు కూడా తోక నల్లగానే ఉంటుంది కనుక, తోక చూడడం అలవాటు చేసుకుంటే ఏ కాలంలోనైనా ఆడా మగా తేల్చవచ్చు. నలుపు ఎంత ఉంటుందన్నది ప్రాంతాన్ని బట్టి కూడా మారుతుంది. ఎక్కడో తీసిన ఫోటోను ముందు పెట్టుకుని ఇక్కడి పిట్టను పోల్చేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

వానాకాలంలోనే దాని విన్యాసాన్ని కూడా చూడగలిగాను. మగపిట్ట కొమ్మ మీద నుంచి నిటారుగా ఒకటి రెండు గజాలు పైకి ఎగిరి, నడుము దగ్గరి తెల్లని మెత్తని ఈకలన్నీ ఉబ్బించుకుని, దూదిపింజలా మెల్లగా తిరుగుతూ కిందికి దిగింది. దిగుతున్నంతసేపూ కీచురాయి శబ్దానికి దగ్గరైన సన్నని గరగర వినిపించింది. కొమ్మ మీద వాలాక రెక్కలు దించి, తోక కొద్దిగా విప్పి, ఈల వేసింది. ఆడపిట్ట ఆ పక్కనే పురుగులు ఏరుకుంటూ ఉంది. పెద్దగా పట్టించుకున్నట్టు కనిపించలేదు.

పేరు తెలిశాక అసలు ప్రశ్న మొదలైంది. పుస్తకాల్లో దీని నివాసం గురించి తోటలు, పొదలు, అడవి అంచులు, మడలు అని రాసి ఉంటుంది. ఇన్ని చోట్ల ఉండే పిట్టకు నివాసం అంటూ ఒకటి ఉందా అన్న సందేహం సహజంగానే వస్తుంది. అందుకే ఆ తరువాత ప్రతిసారీ పిట్ట కనిపించగానే నోటుబుక్కులో ఏ చెట్టు, నేల నుంచి ఎంత ఎత్తు, ఆకు పైనా లోపలా, ఏం చేస్తోంది, పోటా పాటా అని రాసుకోవడం మొదలుపెట్టాను. చెట్ల పేర్లు పడవ ఆయనే నేర్పించారు. పాయ అంచున తెల్ల మడ, కాస్త లోపల నల్ల మడ, ఊతకర్రల్లాంటి వేళ్ళతో ఉప్పుపొన్న, గట్టు వైపు పెరిగే తిల్ల. తిల్ల పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయని చెప్పి, ఆ కొమ్మలను చేత్తో పక్కకు తొలగించవద్దని ప్రతిసారీ హెచ్చరించేవారు.

రాసుకున్నది వరుసగా చూస్తే అయోరా దాదాపు ఎప్పుడూ మనిషి ఎత్తుకు పైనుంచి చెట్టు తల లోపలి దాకా ఉన్న ఆకుల పొరలోనే ఉంది. నేల మీద ఒక్కసారి కూడా కనిపించలేదు. మడ అడవి అడుగున రోజుకు రెండుసార్లు ఉప్పునీరు వచ్చి పోతుంది. బురదలోంచి మేకుల్లా పైకి వచ్చిన శ్వాసవేళ్ళు తప్ప రాలిన ఆకుల పరుపు అంటూ నిలవదు. అందుచేత రాలిన ఆకులు తిరగేసి పురుగులు ఏరుకునే పిట్టలకు ఇది కష్టమైన చోటు. అయోరాకు ఆ ఇబ్బంది లేదు. అది తినే గొంగళిపురుగులూ సాలెపురుగులూ ఆకుల మీదే ఉంటాయి, అది గూడు కట్టే కొమ్మ చీలిక పోటు నీటికి అందదు. ఉప్పు సంగతి చెట్టు చూసుకుంటుంది. తెల్ల మడ, నల్ల మడ తమ ఆకుల మీదున్న గ్రంథుల ద్వారా ఉప్పును బయటికి పంపేస్తాయి, ఎండ రోజున ఆకును నాలుకకు తాకిస్తే తెలుస్తుంది. అంటే మనకు మడ అడవిగా కనిపించేది ఈ పిట్ట పాలిటికి గుబురైన ఆకుల తోపు, అంతే.

ఈ ఆలోచన నిజమో కాదో చూడాలంటే మడల బయట వెతకాలి. కోనసీమ వైపు బంధువుల ఊళ్ళకు వెళ్ళినప్పుడల్లా చెవి అటే పెట్టాను. కొబ్బరి మాత్రమే ఉండి కింద శుభ్రంగా దున్నిన తోటల్లో ఆ పాట నాకు వినిపించలేదు. అదే కొబ్బరి కింద కోకో వేసిన తోటల్లో, ముఖ్యంగా గట్టున మామిడో నేరేడో పనసో ఉన్నచోట, అయోరా ఉంది. కాలువ గట్ల మీది పాత వేప, చింత, కానుగ వరుసల్లో ఉంది. తీరం వెంబడి సరుగుడు తోటలు దూరానికి అడవిలాగే కనిపిస్తాయి, నీడ కూడా ఉంటుంది. అక్కడ మాత్రం దాని జాడ లేదు. సూదుల్లాంటి ఆ ఆకులో పురుగు దాక్కోవడానికి మడత ఏదీ? రొయ్యల చెరువుల గట్ల సంగతి చెప్పనే అక్కరలేదు, వల కట్టడానికీ ఎండ తగలడానికీ అక్కడ చెట్టన్నది ఉంచరు.

దీన్నంతా చూసిన పక్షుల జాబితాలు ఎవరైనా పెట్టగల ఈబర్డ్‌లో నమోదు చేశాను. 2002లో మొదలైన ఈ వేదికలో చూసిన పక్షులన్నిటినీ రాసి "పూర్తి జాబితా" అని గుర్తు పెడితే, రాయని పక్షి అక్కడ నమోదు కాలేదన్నది కూడా సమాచారమే అవుతుంది. సరుగుడు తోటలో గంటసేపు తిరిగి నాలుగే పేర్లతో బయటికి వస్తే వృథా అయిందని చాలామంది ఆ జాబితాను పెట్టరు. నివాసం అర్థం కావాలంటే అలాంటి జాబితాలే ఎక్కువ పనికివస్తాయని నా అభిప్రాయం.

గూడు చూసింది మాత్రం అడవిలో కాదు, అమలాపురం దగ్గర ఒక బంధువుల పెరటి మామిడిచెట్టులో. సన్నని కొమ్మ చీలికలో అరచేతిలో సగం కూడా నిండని గిన్నె, మెత్తని గడ్డిపోచలతో అల్లి, బయటంతా సాలెగూడు పూసి నున్నగా చేసినది. ఆ సాలెపోగుల వల్ల గూడు రంగు బెరడు రంగులో కలిసిపోయింది. పిట్ట వచ్చి కూర్చుంటే తప్ప అక్కడ గూడు ఉందని తెలియదు. ఆడా మగా ఇద్దరూ వంతులు వేసుకుని పొదిగాయి. ఆ ఇంటి పెద్దావిడ, "దగ్గరికెళ్ళకు నాయనా, నువ్వెళితే జెముడుకాకి కనిపెట్టేస్తుంది" అన్నారు. ఆవిడ భయం సబబైనదే, జెముడుకాకి గూళ్ళలోని గుడ్లనూ పిల్లలనూ తినేస్తుంది. వీధి వరండాలో కుర్చీ వేసుకుని బైనాక్యులర్‌తోనే చూశాను. తల్లిదండ్రులు తెచ్చిన మేతలో నా కంటికి ఆనినవన్నీ పచ్చ పురుగులే. ఆ చెట్టుకు మందు కొట్టరట. కాయలు ఇంటి మటుకే కదా అన్నారు ఆవిడ. పెరటి చెట్టుకూ మార్కెట్టుకు కాసే తోటకూ పిట్ట లెక్కలో ఉన్న తేడా బహుశా ఇదే కావచ్చు. ఇది ఒక్క గూటిని చూసి అన్నమాట గనుక అంతకంటే గట్టిగా చెప్పను.

చలికాలంలో అయోరా ఈ పొడవైన ఈల అరుదుగా వేస్తుంది. అప్పుడు జతగా విడిగా తిరగకుండా వైట్-ఐలు, దర్జీ పిట్టలు, వలస వచ్చిన వార్బ్లర్లతో కలిసి గుంపుగా చెట్టునుంచి చెట్టుకు సాగుతుంది కనుక పాట మీద ఆధారపడి వెతికేవారికి దొరకదు. గుంపు కనిపించగానే ప్రతి పిట్ట రెక్కనూ తెల్లచారల కోసం చూడాలి. పాట వినాలనుకునేవారు జూన్ తరువాత, గాలి లేని ఉదయం, పోటు ఎక్కే వేళ చూసుకుని చొల్లంగి చెక్కబాటకు వెళ్ళడం మంచిది. ఆదివారం అయితే తలుపులు తీయగానే లోపలికి చేరుకోవాలి. పిల్లల బళ్ళ బస్సులు వచ్చాక చెక్కల మీద పరుగుల చప్పుడే తప్ప మరొకటి వినిపించదు.